ఎలీయాజరు మావయ్య మూడు తొట్లు

దేన్నైనా ఇంకోదాని పక్కన పెట్టి చూడనిదే ఎలీయాజరు మావయ్యకు నిద్ర పట్టదు. చెప్పులు కొంటే కుడికాలికి ఒక రకం, ఎడమకాలికి ఇంకో రకం వేసుకుని మా పేట లిలువా అంతా తిరిగి చూస్తాడు. ఒక్కో చెంప ఒక్కో బ్లేడుతో గీసుకుంటాడు. రోజమ్మత్త చేపల కూర సగం ఆవపిండితో, సగం చింతపండుతో వండకపోతే కంచం ముందు కూర్చోడు. అసలు ఎక్కడా కూర్చోడనుకోండి, ఆయనకు కాలు నిలవదు.

మా అద్దకం ఫ్యాక్టరీలో మురికినీరు శుభ్రం చేసే పని ఆయనది. నేను కొత్తగా ఆయన కింద చేరాను. ఒకరోజు సంగతి. మర్నాడు అధికారులు నీళ్ళు పరీక్షించడానికి వస్తున్నారు. బాగా లేకపోతే ఫ్యాక్టరీకి తాళమే. బ్లీచింగ్ పోసి పారేయమని సేఠ్ పొద్దున్నుంచీ ఫోన్లు చేస్తున్నాడు. మావయ్యేమో మూడు తొట్లు పెట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నాడు. ఒకదాంట్లో బ్లీచింగ్ పోసిన నీరు, ఒకదాంట్లో ఓజోన్ పట్టించిన నీరు, మూడోదాంట్లో ఇనుప లవణం, పెరాక్సైడ్ కలిపి సున్నంతో తేర్చిన నీరు. ఒక్కోదాంట్లో ఒక్కో చేప.

నాకు ఒళ్ళు మండింది. అందరి ఉద్యోగాలూ పోయేలా ఉంటే ఈయనకు మధ్యాహ్నం కూరకు ఏ నీళ్ళ చేప బాగుంటుందోనన్న గోల!

“ఏటి మావయ్యా, బ్లీచింగుకి రంగు ఇట్టే పోనాది గదా. ఇంకా ఏటి సూస్తన్నావు?”

“రంగు పోనాదిరా. సేపని సూడు.”

బ్లీచింగ్ తొట్లో చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. మావయ్య గబుక్కున దాన్ని మంచినీళ్ళలోకి మార్చాడు. ఓజోన్ తొట్లో చేప బాగానే ఉంది కానీ, ఆ చిన్న మెషీనుతో ట్యాంకు నీళ్ళన్నీ తెల్లారేలోగా శుభ్రం కావు. మూడో తొట్లో చేప హుషారుగా ఈదుతోంది. అడుగున మాత్రం తుప్పురంగు బురద. ట్యాంకంతా ఇలా చేస్తే ఆ బురదంతా ఎవరు ఎత్తుతారని అడిగాను. ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టాడు.

అంతలో వెనక గేటు దగ్గరికి క్యాను పట్టుకుని అప్పమ్మ వచ్చింది. ఫ్యాక్టరీ వెనక చెరువు కౌలుకు తీసుకుని చేపలు పెంచుకుంటుంది. మా కాలువ పడేది అందులోకే.

“నా సేపలిచ్చీ బాబూ,” అని, నావైపు తిరిగింది. “పోయినేడు ఎవులో బ్లీచింగు వదిలేసి నా సేపలన్నీ సంపేసినారు. అప్పట్నించీ నీళ్ళొదిలే ముందు ఈ బాబు నా సేపల్ని అడిగి పట్టుకెళ్తాడు. పేనాల్తో తెచ్చిచ్చేస్తాడు.”

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. లుంగీ ఎగ్గట్టి నేనూ ట్యాంకు బురదలోకి దిగాను.

మర్నాడు పరీక్ష నెగ్గాం. అప్పమ్మ సంబరపడి క్యానులో రెండు పెద్ద చేపలు తెచ్చింది, ఒకటి ఆవపిండికి, ఒకటి చింతపండుకి. మావయ్య దండం పెట్టి తీసుకున్నాడు. ఆమె అటు తిరగ్గానే చెరువు గట్టెక్కి రెంటినీ నీళ్ళలోకి వదిలేశాడు.

ఆ పూట రోజమ్మత్త కోడిగుడ్ల కూర వండింది. సగం ఆవపిండితో, సగం చింతపండుతో.