గంగులయ్య ఇనప మోకాలు

పులికాట్ గట్టుమీద గంగులయ్య వస్తుంటే మనిషికన్నా ముందు మోకాలి టకటక వినిపిస్తుంది. రోజూ పొద్దున్నే కూర్చోని ఆ కీలులో ఇసక దులిపి, నూనె చుక్కేసి తుడుస్తాడు. పెళ్లాం వీపు అట్టా ఏనాడూ రుద్ది ఉండడు. లారీ కింద కాలు పోయినాక చెన్నై డాక్టరు రెండు రకాలు చూపించినాడు. కంప్యూటర్ మోకాలు మనిషిని పడకుండా ఆపుతుందంట, కానీ ఉప్పునీళ్లు తగలకూడదు, ఖరీదు వింటే గుండె జారుతుంది. రెండోది ఉత్త ఇనప కీలు. "పడవ అమ్మేద్దాం, మంచిదే కొనుక్కో," అని పెళ్లాం అంకాలమ్మ ఏడ్చింది. "పడవమ్మి కాలు కొంటే, ఆ కాలేసుకోని యాడికి పోయేదే?" అన్నాడు.

మా పులికాట్‌లో మంచి చోట వలెయ్యాలంటే ఇంటికొక వంతు. నీళ్లలో నిలబడలేనోడి వంతు పక్కోడికి పోతుంది. మొన్న గంగులయ్య వంతొచ్చింది. "నీకెందుకురా, నీ తమ్ముడికి వదిలెయ్," అన్నాడు ఊరిపెద్ద. ఈయన వల భుజానేసుకోని తొడలోతు నీళ్లలో దిగినాడు. మోకాలు మడతపడి బొక్కబోర్లా పడినాడు. పట్టుకోబోయినోళ్లను బూతులు తిట్టి, పడవ తోసే గడ ఊతంతో తానే లేచి నిలబడినాడు. ఆ వంతు కోసం అప్పటికే నీళ్లలో దిగున్న గంగులయ్య తమ్ముణ్ణి ఊరిపెద్ద గట్టెక్కమన్నాడు. అంకాలమ్మ కళ్లు తుడుచుకోని, "పడింది చాల్లే, వల ఇసురు!" అని అరిచింది.