ఇస్తాంబుల్ విందుల ఆడిన ఆట

మా ఆయనకు ఇస్తాంబుల్ పిలుపొచ్చిందంటె మా ఉప్పల్ల సగం మందికి అదెక్కడున్నదో తెల్వదు. నాకు సుత తెల్వదు. తొంభైల మొదట్ల ముచ్చట. నాచారంల ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి అక్కడి కంపెనీ ఒకటి మిషన్లు అమ్మింది. అవి నడిపే తీరు నేర్పిస్తం, ఇంజనీరును పంపుండ్రి, భార్యను సుత తోల్కరావచ్చు, ఖర్చు మాది అన్నరు. విమానమెక్కుడు మాట అట్లుంచుండ్రి, బేగంపేట పోయి విమానాన్ని దగ్గరికెళ్ళి చూసినోళ్ళే మా ఇండ్లల్ల తక్కువ.

నాకప్పుడు నాలుగేండ్ల కొడుకు. వాన్ని ఇడిసిపెట్టి నేనెట్ల పోత అని మొండికేసిన. మా అక్క కస్సుమన్నది. పది దినాలకు ఏం కొంప మునుగుతది, నా పిల్లలల్ల వాడొకడైతడు, నోర్మూసుకోని పో అన్నది. అక్క ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవుతలనే. వాడు సుత పెద్దమ్మ ఇంట్ల ఉండుడంటె సంబురపడ్డడు. మేం బయలెల్లేటప్పుడు బావ భుజం మీదెక్కి కూసున్నడు, నా దిక్కు సక్కగ చూడను సుత చూడలే. నాకు జర కోపమొచ్చింది. పోనీ, ఏడువకుంటె అదే పదివేలు అనుకున్న.

అక్క ఇంట్ల ఫోను లేకుండె. ఎదురుంగ కిరాణ దుకాణంల ఉండె. హోటల్ల కెళ్ళి దానికి చేస్తె దుకాణమామె గొంతెత్తి అక్కను పిలిచేది. మొదలు రెండు మూడు సార్లు అక్కనే వచ్చింది. మంచిగ తింటున్నడు, అన్నల తోని కొట్లాడుతున్నడు, ఫికర్ చెయ్యకు అన్నది. తర్వాతొకనాడు మధ్యాహ్నం చేస్తె బావ వచ్చిండు. బావ ఫోన్ల మాట్లాడే మనిషి గాదు. ఆ గొంతు ఇనంగనే ఏమైంది బావా అన్న. పిల్లగానికి జరమొచ్చిందట, ఒక్కపూటల నెత్తికెక్కిందట, ఫిట్స్ వస్తె దవాఖానల షరీకు చేసిన్రట. మెదడువాపు అంటున్నరట. తెలివి లేదట. ఎంబడే రాండ్రి అని, ఇంకేమో అనబోయిండు, లైను కట్టయింది. మల్ల ఎన్నిసార్లు తిప్పినా కలువలే.

నేను మంచం మీద పడి ఒర్రుతుంటె మా ఆయన అద్దం ముంగట నిలబడి తల దువ్వుకున్నడు. ఇగో, ఇది చెప్పాలె. ఆయన గోదావరి దిక్కు మనిషి, వాళ్ళింట్ల గట్టిగ నవ్వరు, గట్టిగ ఏడువరు. పెండ్లయిన కాడి నుంచి ఆయన కంట్ల నీళ్ళు నేను చూడలే. తల దువ్వుకోని, కిందికి పోయి, ఆ కంపెనీ పెద్దమనిషి తోని మాట్లాడి వచ్చిండు. రేపు పొద్దుగాల విమానానికి టికెట్లు మార్పిస్తున్నరట. టికెట్లు తెచ్చే మనిషి సాయంత్రం విందు కాడికే వస్తడట.

ఏం విందు అన్న.

మనకోసం ఎప్పుడో ఏర్పాటు చేశారు, పాట, ఆట, భోజనం, ఇంకా వేరే దేశాల వాళ్ళు కూడా వస్తున్నారు అన్నడు. నేను రాను అన్న. "టికెట్లు అక్కడికే వస్తాయి. వెళ్ళకపోతే ఎలా?" అన్నడు. పెద్దమనిషికి చెప్పాను, మిగతావాళ్ళకి చెప్పొద్దు, వాళ్ళ సంబరం పాడుచెయ్యొద్దు అని సుత అన్నడు. నాకు ఆయన మెడ పిసుకుదామన్నంత మంట లేసింది. కొడుకు దవాఖానల తెలివి లేక పడుంటె ఈయనకు పక్కోళ్ళ సంబరం గావాల్నట. అదే మంట తోని పట్టుచీర కట్టుకోని పోయిన. టికెట్లు వచ్చే జాగల ఉండకుంట గదిల ఎట్ల కూసుంట?

పెద్ద హాలు. గుండ్రటి బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో దేశం జెండా, బొమ్మల కొలువుల పెట్టినట్టు. మా బల్ల మీద మన జెండా పెట్టిన్రు. నేను తలుపుకు ఎదురుంగ ఉన్న కుర్చీ చూసుకోని కూసున్న. నా పక్కపొంటి పెద్దమనిషి భార్య కూసున్నది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. నా గాజులు ముట్టి చూసి, బాగున్నయన్నట్టు కండ్ల తోని చెప్పింది.

చిన్న చిన్న పళ్ళాలల్ల ఏమేమో తెచ్చి పెడుతనే ఉన్నరు. కాల్చిన వంకాయ గుజ్జు, పెరుగుల దోసకాయ ముక్కలు, ఏందో ఆకుల అన్నం చుట్టి ఉడకబెట్టినయి, పొయ్యి మీదికెళ్ళి అప్పుడే దించిన పొంగిన రొట్టెలు. మొగోళ్ళు నీళ్ళ లెక్క ఉన్న సారాల నీళ్ళు కలుపుతె అది పాల లెక్క తెల్లగయింది, అది చూసి అందరు నవ్విన్రు. పక్కామె రొట్టె తుంచి, ఆ వంకాయ గుజ్జు పెట్టి నా చేతికిచ్చింది. వద్దంటె బాగుండదని నోట్లె పెట్టుకున్న. అచ్చం మా అమ్మ నిప్పుల మీద కాల్చి చేసే పచ్చడే, జర కారం తక్కువ. రుచి తెలిసింది నాకు. ఆకలి సుత తెలిసింది. కొడుకట్లుంటె నా నాలుకకు రుచెట్ల తెలుస్తది, నేనసలు తల్లినేనా అని నా మీద నాకే అసహ్యమేసింది. మిగిలిన రొట్టె పళ్ళెం కింద దాచిపెట్టిన.

తలుపు తెరుసుకున్నప్పుడల్లా చూస్తున్న. వంటలోళ్ళు, పాటలోళ్ళు, ఆలస్యంగ వచ్చినోళ్ళు. టికెట్ల మనిషి జాడ లేదు. మా ఆయనేమో మిషన్ల గురించి మాట్లాడుతున్నడు, ఎవరో ఏదో అంటె నవ్వుతున్నడు సుత. ఇంకోసారి ఫోన్ చేపియ్యమని ఆయన కోటు అంచు లాగిన కొద్ది, అడిగాను, ఇక్కడి నుంచి లైను దొరకట్లేదంటున్నారు అని నెమ్మదిగ చెప్పి మల్ల అటు తిరుగుతున్నడు. ఈ మనిషితోని నేను ఇన్నేండ్లు ఎట్ల కాపురం చేసిన్నో అనిపించింది.

ఆట మొదలైంది. మొదలు పడుచు పిల్లలు, పోరగాండ్లు చిటికెన వేళ్ళు పట్టుకోని వరుసగ నిలబడి అడుగులేసిన్రు. కొసకున్న పోరడు చేతిరుమాలు తిప్పుతుండె. తర్వాత కట్టె చెంచాలు రెండు చేతుల పట్టుకోని టకటక వాయించుకుంట ఆడిన్రు. తర్వాత నడుముకు గజ్జెల పట్టా కట్టుకున్న ఒకామె వచ్చింది. ఆమె పొట్ట తిప్పుతుంటె మొగోళ్ళు పళ్ళాలు మరిచిపోయిన్రు. ఏరే దినమైతె నేను సుత నోరు తెరిచి చూసేదాన్నే, ఉప్పల్ పోయినంక అక్కకు ఆడి చూపించేదాన్నే. ఆమె ఒక్కో బల్ల కాడికి పోయి ఒక్కొక్కరిని లేపి ఆడిపిస్తున్నది. నన్ను లేపొద్దు తల్లీ అని దండం పెట్టుకున్న.

అప్పుడొచ్చింది డోలు.

పెద్ద డోలు. ఒకడు భుజానికి తగిలేసుకోని ఒక దిక్కు లావు కట్టె తోని, ఇంకో దిక్కు సన్న పుల్ల తోని కొడుతున్నడు. పక్కకొకడు సన్నాయి అసొంటిది ఊదుతున్నడు. ఆ దెబ్బ చెవుల పడలే, సీదా కడుపుల పడ్డది. ఆ ఆదివారమే మా ఊర్ల బోనాలు. నా బోనం అక్క ఎత్తాలె. మా ఇంటి ఆడోళ్ళకు డోలు చప్పుడుకు శిగం వస్తది. అదే పూనకం. మా అమ్మకు వస్తె ఊరు ఊరంత ముంగట కూసుంటది. పసుపు నీళ్ళు పోసి, చేతులు జోడించి, పంట గురించి, బిడ్డ పెండ్లి గురించి, రోగం గురించి అడుగుతరు. అమ్మ నోటెంబడి దేవత చెప్తది. పెండ్లయిన కొత్తల నాకు సుత ఒకసారి వచ్చింది. ఏం జరిగిందో నాకేం యాదికి లేదు, తెలివొచ్చేసరికి నీళ్ళల్ల తడిసి ఉన్న. మా ఆయన మాత్రం దూరంగ, ఎవరి పెండ్లమో అన్నట్టు నిలబడ్డడు. ఇంటికొచ్చినంక, ఇంకెప్పుడూ ఆ డోలు దగ్గరికి వెళ్ళొద్దు, మా ఆఫీసువాళ్ళు చూస్తే ఏమనుకుంటారు అన్నడు. వాళ్ళ దిక్కు దేవతలు కుర్చీలేసుకోని కుదురుగ కూసుంటరేమో మరి. ఆయన కోసం నేను ఆ దిక్కు పోవుడే బంజేసిన.

డోలాయన మా బల్ల కాడికే వచ్చిండు. జెండా చూసి నవ్వి, నా ముంగట నిలబడి గట్టిగ కొట్టిండు. నేను బల్ల అంచు పట్టుకున్న. పళ్ళు కొరుకుతున్న. తలుపు దిక్కు చూసిన, ఎవ్వరు లేరు. ఇంగ పట్టుకోలేకపోయిన. లేసిన.

ఒక్క మాట నిజంగ చెప్తున్న. అది శిగం గాదు. అన్నీ తెలుస్తున్నయి నాకు. కొప్పు ఊడిపోయింది తెలుస్తున్నది, చెప్పు ఎటో పోయింది తెలుస్తున్నది, పక్కామె లేసి చప్పట్లు కొడుతున్నది తెలుస్తున్నది. దేవత లేదు నాల. ఒక్క నా కొడుకే ఉన్నడు. పక్కోళ్ళ సంబరం పాడుచెయ్యొద్దన్నడు గదా, ఏడువని ఏడుపు కాళ్ళల్లకు, చేతులల్లకు వచ్చింది. తల తిప్పుతున్న, ఊగుతున్న, డోలాయన ఇంకింత జోరు పెంచిండు. అన్ని దేశాలోళ్ళు లేసి నిలబడ్డరు. ఇండియా ఇండియా అని చప్పట్లే చప్పట్లు.

మా ఆయన కుర్చీల కెళ్ళి లేసుడు చూసిన. వచ్చి రెక్క పట్టి బయటికి గుంజుకపోతడనుకున్న. గుంజుకపోతె మంచిగుండు అనుకున్న.

ఆయన వచ్చి, సూటు తోనే, నా కాళ్ళ ముంగట నేల మీద కూసున్నడు. రెండు చేతులు జోడించిండు.

"పిల్లాడు ఉంటాడా? చెప్పు తల్లీ."

డోలు చప్పుడుల నాకొక్కదానికే ఇనబడ్డది. ఇది సుత ఆటల భాగమే అనుకోని జనం ఇంకింత గట్టిగ కొట్టిన్రు. నేను ఆగిపోయిన. ఆయన నా మొఖం దిక్కు చూస్తున్నడు, నా మొఖం దిక్కు గాదు, నాల పూనిందనుకున్న తల్లి దిక్కు. తల దువ్వుకున్న మనిషి, నవ్విన మనిషి, మధ్యాహ్నం నుంచి లోపల ఇట్ల కాలుతున్నడా? నా దగ్గర ఆయనకు ఇచ్చేతందుకు ఏం లేదు. తెల్వదు అని చెప్పాలె. నేనే, తల్లిని గాదు అని చెప్పాలె. ఆ కండ్లను చూసుకుంట ఎట్ల చెప్పను?

మా అమ్మ గొంతు తెచ్చుకున్న. "ఉంటడు. నా బిడ్డ వాడు, నేను చూస్కుంట, పో" అన్న.

ఆయన నా పాదాల మీద తల పెట్టి ఏడ్చిండు. పెండ్లయిన తర్వాత అదే మొదలు. చప్పట్లు ఆగిపోయినయి. అప్పుడు జనానికి ఏదో తెలిసింది. పక్కామె వచ్చి తన శాలువ నా భుజాల మీద కప్పింది. టికెట్ల మనిషి ఎప్పుడొచ్చిండో, తలుపు కాడ కవరు పట్టుకోని నిలబడి ఉండె.

తెల్లారి విమానంల ఆయన తిన్నడు, పండుకున్నడు. నిద్రల సుత నా చెయ్యి పట్టుకున్నడు. నాకే రెప్ప పడలే. బొంబాయిల విమానం మారేటప్పుడు, వాడికి కొన్నాళ్ళు చప్పిడి తిండే పెట్టాలేమో అన్నడు. అవునన్న. నేనన్న మాటను ఆయన ఎంత గట్టిగ పట్టుకున్నడో నాకప్పుడు తెలిసింది. తల్లీ, నా మాటను నీ మాట చెయ్యి, ఇంకేమడుగ, అని దారి పొడుగుత మొక్కిన.

దవాఖాన మెట్ల మీదనే అక్క కూసోని ఉండె. మమ్ముల చూడంగనే నెత్తి బాదుకున్నది. పొద్దుగాలనే పోయిండట. మేమొచ్చేదాక బావ బతిలాడి అక్కడనే ఉంచిండట.

నేను కింద పడ్డ. ఎవరు లేపిన్రో తెల్వదు. కండ్లు తెరిచేసరికి మా ఆయన వరండల బల్ల మీద కూసోని, పిల్లగాన్ని ఒళ్ళె పెట్టుకోని, దుప్పటి సర్దుతున్నడు. ఏడుస్తలేడు. డాక్టరు ఏదో చెప్పబోతుంటె చాన మర్యాదగ, "లేదండీ, ఇంకోసారి చూడండి. ఉంటాడని చెప్పింది" అంటున్నడు. డాక్టరుకు అర్థం గాలే. మావోళ్ళకు అయింది. అందరు నా దిక్కు తిరిగిన్రు. మా అమ్మ దగ్గరికొచ్చి, చెవుల నోరు పెట్టి, నిజంగ తల్లే అన్నదా బిడ్డా అని అడిగింది.

పొద్దు వంగుతున్నది. చీకటి పడకముందే మట్టి చెయ్యాలె అని పెద్దోళ్ళు తొందర పడుతున్నరు. బావ అడిగిండు, ఇయ్యలే. మా నాయిన అడిగిండు, ఇయ్యలే. ఎవరు చెయ్యి చాపినా పిల్లగాన్ని ఎదకు అదుముకోని, చెప్పింది గదండీ, కాస్త ఆగండి అంటున్నడు. కోపం లేదు, గట్టి మాట లేదు. ఆ నమ్మకం చూస్తె దవాఖాన ఆయమ్మలు సుత ఏడ్చిన్రు. తల్లి మీద ఆ నమ్మకాన్ని ఆయనకిచ్చింది నేను. తీసుకోవాల్సింది సుత నేనే, ఇంకెవరి తోని గాదు.

పోయి ఆయన పక్కపొంటి కూసున్న. పిల్లగాని కాలు దుప్పటి బయటికి ఉండె, దాన్ని చేతుల పట్టుకున్న. సల్లగ ఉండె.

"ఆ మాట తల్లిది గాదు. నాది" అన్న.

ఆయన నా దిక్కు చూసిండు. తిట్టలే. చేతులు సడలిచ్చిండు. బావ వంగి పిల్లగాన్ని ఎత్తుకున్నడు.