మొదటి బంతి పడేదాకా

టెన్నిస్‌లో లక్కీ లూజర్ అని ఒక మాట ఉంది. ఓడిపోయినవాడికి అదృష్టమేమిటని మీరు అడగొచ్చు. పట్టీల డాక్టరు వాళ్ళమ్మ కూడా అదే అడిగింది. అసలు పోటీకి ముందు అర్హత పోటీలు జరుగుతాయి. వాటిలో చివరి మెట్టు మీద ఓడినవాళ్ళను ఇంటికి పంపకుండా వరసలో పెడతారు. అసలు పోటీలో ఎవరైనా జ్వరమొచ్చో కాలు బెణికో తప్పుకుంటే వరసలో ముందున్నవాడికి ఆ చోటు దక్కుతుంది. అయితే ఆ మ్యాచ్‌లో మొదటి బంతి పడకముందే తప్పుకోవాలి. బంతి పడ్డాక తప్పుకుంటే అవతలివాడు గెలిచినట్టు, వరసలో ఉన్నవాడు పెట్టె సర్దుకున్నట్టు.

"అంటే ఇంకొకడికి ఏదో ఒకటి కావాలని కాచుకుని కూర్చోవడమేగా నీ అదృష్టం?" అంది వాళ్ళమ్మ ఫోన్లో.

"అలా అనకే అమ్మా."

"నేనెందుకంటాను, మీ ఆటే అంటోంది."



ఇంతకీ ఈ పట్టీల డాక్టరు డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు. బడి చదువు కూడా సరిగ్గా వంటబట్టకముందే రాకెట్ పట్టి, నుదుటి మీద జుట్టు వెనక్కి జరుగుతున్నా ఇంకా దించని ఆటగాడు. టీవీలో వచ్చే టెన్నిస్ కాదు ఇతనిది. కార్లు నిలిపే చోటు పక్కన ఉండే వెనక కోర్టుల్లో, ఆడేవాళ్ళే బంతులు ఏరుకునే టెన్నిస్. ఫిజియోను వెంట తిప్పుకునే తాహతు లేక తన చీలమండకు తనే టేపుతో పట్టీ వేసుకోవడం నేర్చాడు. చూసి పక్కవాడు అడిగాడు, వాడి పక్కవాడూ అడిగాడు. కొన్నాళ్ళకు ఆ పనిలో అందె వేసిన చెయ్యి అయిపోయాడు, పేరు కూడా అదే స్థిరపడింది. పొద్దున ఒకడి కాలికి పట్టీ వేసి, మధ్యాహ్నం ఆ కాలివాడి చేతిలోనే ఓడి వచ్చిన రోజులున్నాయి. ఇలాంటి మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

"నువ్వు ఆట ఆడుతున్నావా, ఆట నిన్ను ఆడిస్తోందా?" అని బావ ఎప్పుడూ ఎకసెక్కమాడేవాడు. ఈసారి ఎకసెక్కం మానేసి, తను పనిచేసే స్కూల్లో పిల్లలకు టెన్నిస్ నేర్పే ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. సోమవారం చేరాలి. అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే డాక్టరు ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. ఈ పోటీలో ఒక్క మ్యాచ్ గెలిస్తే ఇంకో ఏడాది ఆడతాడు, లేదంటే స్కూలు. ఎందుకంటే గెలిస్తే వచ్చే ర్యాంకింగు పాయింట్లకు ఏడాదే ఆయుష్షు. పోయిన ఏడాది ఇదే పోటీలో తెచ్చుకున్నవి ఈ వారంతో చెల్లిపోతాయి. కొత్తవి రాకపోతే అర్హత పోటీల్లోకి కూడా రానివ్వరు.

అర్హతలో ఓడాడు. వరసలో మొదటివాడయ్యాడు. తొలి రౌండ్ మ్యాచ్‌లు ఒకటొకటిగా అయిపోయాయి గానీ ఒక్కడికీ తుమ్మయినా రాలేదు. ఇక మిగిలింది ఒక్క మ్యాచ్. అది పొడుగోడిది. పొడుగోడంటే ఎవరో కాదు, ఇతనితో ఒకే గదిలో ఉంటున్న స్నేహితుడు. వాడితో ఆడాల్సిన కుర్రాణ్ణి డాక్టరు పోయిన నెలలోనే చిత్తుగా ఓడించాడు.

ఆ పొద్దున డాక్టరు కళ్ళు తెరిచేసరికి పొడుగోడు మంచం అంచున కూర్చుని తన కాలు చూసుకుంటున్నాడు. ముందురోజు ప్రాక్టీసులో మడత పడ్డ చీలమండ రాత్రికి రాత్రి బన్నులా ఉబ్బింది. డాక్టరుకు సంతోషం వేసింది. దాచడమెందుకు, నిజంగానే వేసింది. మరుక్షణమే సిగ్గూ వేసింది.

"ఆడతావా దీంతో?"

"నాన్న వచ్చాడురా. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చాడు. నా ఆట ఒక్కసారీ చూడలేదు ఆయన." పొడుగోడు తల ఎత్తలేదు. "పట్టీ వేస్తావా?"

వెయ్యను, నువ్వు తప్పుకో, ఆ చోటు నాకు కావాలి. ఇంతే చెప్పాల్సింది. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే టీ గ్లాసులతో పొడుగోడి నాన్న లోపలికి వచ్చాడు. లారీ డ్రైవరాయన, మాట పెద్దది, మనసు మెత్తన.

"నీ ఆట ఎప్పుడు బాబూ?"

"నేను వెయిటింగ్‌లో ఉన్నానండి."

"నంబరెంత?"

"ఒకటి."

"ఒకటా? ఇంకేం, సీటు దొరికినట్టే. ఎవడో ఒకడు ప్రయాణం మానుకుంటాడులే."

పొడుగోడు కిటికీ వైపు తిరిగాడు. డాక్టరు టేపు చుట్ట అందుకుని నేల మీద కూర్చున్నాడు. వదులుగా వేస్తే చాలు, కోర్టు దాకా నడిచేసరికి వాడే చేతులెత్తేస్తాడు. అలాగే వేద్దామనుకున్నాడు. కానీ ఆ వేళ్ళకు వదులుగా వేయడం రాదు. మడమ కింద నుంచి లాగి, ఎముకకు ఇటూ అటూ బిగించి, అంచులు గోటితో అదిమి, ఎప్పటిలాగే వేశాయి. లేచి అడుగువేసి చూసుకున్న పొడుగోడి మొహం విప్పారింది. డాక్టరు మొహం వాడిపోయింది.

మధ్యాహ్నం డాక్టరు బూట్ల తాళ్ళు బిగించుకుని, రాకెట్ల సంచి భుజాన వేసుకుని రిఫరీ గది గుమ్మంలో నిలబడ్డాడు. వరసలో ఉన్నవాడు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. గుమ్మంలోంచి కోర్టు కనిపిస్తోంది. ఇద్దరూ ఒళ్ళు వేడెక్కడానికి బంతులు కొట్టుకుంటున్నారు. పొడుగోడు ఒకసారి ఆగి కాలు విదిలించాడు. డాక్టరు గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యెత్తరా, ఇప్పుడే ఎత్తెయ్యి, నీకు దండం పెడతాను. పొడుగోడు వంగి మేజోడు సరిచేసుకుని, లైను దగ్గరకు వెళ్ళి మొదటి బంతి సర్వ్ చేశాడు.

"ఇక నువ్వు వెళ్ళొచ్చు," అంది రిఫరీ, వరసల కాగితం మడిచేస్తూ.

మూడో గేమ్‌లో పొడుగోడి కాలు మళ్ళీ మడత పడింది. వాడు నెట్ దగ్గరకు కుంటుతూ వెళ్ళి అవతలివాడితో చెయ్యి కలిపి ఆట వదులుకున్నాడు. ఏం జరిగిందో అర్థంకాని వాళ్ళ నాన్న ఒక్కడే లేచి చప్పట్లు కొట్టాడు.

బట్టలు మార్చుకునే గదిలో పట్టీ కోసేది కూడా డాక్టరే కదా. కత్తెర చీలమండ పక్కగా పోనిస్తున్నాడు. ఎంత బిగించాడంటే కత్తెర మొన కూడా దూరడం లేదు.

"నువ్వు ఒక్క మాట అడిగి ఉంటే మానేసేవాణ్ణిరా," అన్నాడు పొడుగోడు మెల్లిగా. "పొద్దున్నుంచీ నువ్వు అడుగుతావనే చూశాను."

డాక్టరు కత్తెర ఆగింది. ఇంతలో కొడుకు కోసం నీళ్ళ సీసా పట్టుకుని పెద్దాయన వచ్చాడు. కాలు చూసి నొచ్చుకుని, ఆపైన గుర్తొచ్చి ఇటు తిరిగాడు.

"నీ సీటు సంగతి ఏమైంది బాబూ, దొరికిందా?"

"లేదండి. బండి వెళ్ళిపోయింది."

"అయ్యో. మళ్ళీ బండెప్పుడు మరి?"

"ఇక లేదండి," అన్నాడు డాక్టరు, ఊడిన టేపును ఉండ చుడుతూ. "సోమవారం నుంచి స్కూలు."