చుక్క పొడిచేదాకా

కార్తీక సోమవారాలు చుక్కను చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకపోవడం మా పుట్టింటి పద్ధతి. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలతోపాటు ఈ నియమాలూ నేర్పారు. తెల్లవారకముందే డాబా మీది ట్యాంకు చన్నీళ్ళతో తలస్నానం, ఒక అధ్యాయం పారాయణ. బీపీ మాత్ర కూడా నోట్లోకి వెళ్ళేదే కదా అని దాన్నీ చుక్క దాకా ఆపేదాన్ని. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పోయిన ఏడాది మూడో సోమవారం సాయంత్రం పెరట్లో నిలబడ్డాను. పెదపాడు దగ్గర మా ఇంటి వెనక అన్నీ చేపల చెరువులే. దీపాల వేళకి వాటి మీంచి సన్నపురుగులు లేస్తాయి. ఒకటి కుడి కంట్లో పడింది. ఆ కన్ను నలుపుకుంటూ ఎడమ కంటితో చూస్తే ఆకాశం మధ్యలో ఎవరో మసిగుడ్డ అడ్డం పెట్టినట్టుంది.

"ఏమ్మా, చుక్క పొడిచిందా?" వంటింట్లోంచి అత్తయ్యగారు అడిగారు.

"ఇంకా లేదండీ."

ఆవిడ బయటికొచ్చి తలెత్తారు. "మూడు పొడిచాయి కదమ్మా. పుణ్యమంతా ఈ ఒక్క ఏడే మూటగట్టుకుందామనా?"

నవ్వాను. ఆ మసక చెరువుల మీది మంచు అనుకున్నాను, నీరసం అనుకున్నాను. అలా నాలుగు రోజులు గడిపేశాను. ఐదో రోజు పారాయణలో కుడి కన్ను మూసి చూస్తే పంక్తి మధ్య అక్షరాలు లేవు.

మావారు ఏలూరు తీసుకువెళ్ళారు. కంటి వెనక పొరలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టరుగారు. చలికాలంలో తన దగ్గరికి ఇలాంటివాళ్ళు ఎక్కువే వస్తారట. చలికి బీపీ పెరగడం ఒక కారణం కావచ్చునట. ఎండల్లో వచ్చేవాళ్ళూ ఉన్నారు, ఫలానా అని గట్టిగా చెప్పలేమన్నారు. అప్పుడు మాత్ర సంగతి బయటపెట్టాను.

"దానివల్లే అని అననమ్మా. కానీ రెండో కన్నుంది కదా. ఒక్క పూట కూడా ఆపకండి," అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది.

కంట్లో ఇంజెక్షన్లు చేశాక కొంత వెలుగు తిరిగి వచ్చింది, దేవుడి దయ. వేసవంతా నిబ్బరంగానే ఉన్నాను. వానలు వెళ్ళి, పొద్దున్నే కొల్లేటి వైపు నుంచి మంచు దిగడం మొదలయ్యాక, నా చేయి దానంతటదే ఎడమ కన్ను మూయసాగింది. క్యాలెండరులో తిథి, పాలగిన్నె అంచు, తలుపు గొళ్ళెం. కుడి కంటికి అన్నీ ఉన్నాయా, ఉన్నాయా అని రోజుకు పదిసార్లు.

ఈ ఏడు మొదటి సోమవారం అత్తయ్యగారు వేణ్ణీళ్ళు తోడారు. స్నానమయ్యాక అరచేతిలో మాత్ర పెట్టి, గ్లాసు అందించారు.

"తీర్థమనుకుని పుచ్చుకో. పాపమైతే నాకు రానీ."

మింగాను.

చుక్కవేళకి పెరట్లోకి వెళ్ళి ఎడమ కన్ను మూశాను. కుడి కన్నూ మూసే ఉంచాను, తెరవడానికి ధైర్యం చాల్లేదు. వెనక ఆవిడ వచ్చి నిలబడినట్టు తెలిసింది. పొడిచిందా అని అడగలేదు. కుడి కన్ను తెరిచాను. కొబ్బరిమట్ట పక్కన సన్నగా ఉంది.

"పొడిచిందండీ."

"పద, అన్నం చల్లారిపోతోంది," అన్నారు.

చేతులు జోడించాను. ఇంకా మూడు సోమవారాలు, ఆ తర్వాత పుష్యం, మాఘం చలి ఉన్నాయి.