చేతి మీద పన్నెండు

తడిసిన ఉన్ని వాసన తగిలితే చాలు, నా నోటికి గొప్పలు వస్తాయి. నిన్న మధ్యాహ్నం మెల్‌బోర్న్ శివార్లలో, వెర్రిబీలోని మా ఇంట్లో అదే జరిగింది. మా మనవరాలు మేఘన ఉన్ని చేతితొడుగులు ఉతికి హీటరు ముందు ఆరేసింది. ఆ గొర్రెబొచ్చు ఆవిరి ముక్కుకి సోకగానే, పదిహేనేళ్ళుగా విందుల్లో, పుట్టినరోజుల్లో అరిగిపోయిన నా వాక్యం తనంతట తనే బయటికొచ్చింది. "విక్టోరియాలోకెల్లా ఎత్తైన బోగాంగ్ కొండ మీద, ఎవరి చెయ్యి వాళ్ళకే కనబడని మంచుగాలిలో, ఇద్దరు ఆడవాళ్ళని క్షేమంగా కిందికి దించుకొచ్చిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేను." నిజానికి 'మొట్టమొదటి' అన్న మాట పోయినేడే చేరింది. అడిగినవాళ్ళెవరూ లేకపోవడంతో ఉంచేశాను.

మేఘన నవ్వలేదు. మెచ్చుకుంది. అదే వచ్చిన చిక్కు. ఆ రాత్రే కారులో బయల్దేరి, మర్నాడు తెల్లవారగానే తనూ, యూనివర్సిటీలో చదివే ముగ్గురు స్నేహితులూ అదే కొండ ఎక్కబోతున్నారు. శిఖరం మీది వాతావరణం నేను ఉదయమే చూశాను. పొద్దున ఎడారి మీంచి వచ్చే వెచ్చటి ఉత్తరపు గాలి, మధ్యాహ్నం దాటాక దక్షిణపు చలిగాలి, మంచు. "ఒంటిగంటకల్లా మారిపోతుందిటమ్మా, చూశావా?" అన్నాను. అది ఫోనులోంచి తలెత్తకుండానే, "చిల్ తాతా! నువ్వు వైటౌట్‌లో, ఏమీ కనబడని మంచులో ఎక్కావు కదా. వి ఆర్ ఆల్ ఫిట్. టాప్ చూడకుండా వచ్చేది లేదు," అంది. పదిహేనేళ్ళు నేను వాయించిన డప్పుకి నా ఇంటి పిల్లే చిందులేస్తోంది. అందుకే దాన్ని కూర్చోబెట్టి, అది ఎన్నడూ సరిగా వినని మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టాను. విననివ్వనిది నేనే. నా కథలో ఆవిడ ఎప్పుడూ నేను రక్షించిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకరు, అంతే.

డాక్టర్ విశాలాక్షి గారిది కాకినాడ. మెల్‌బోర్న్‌లో ముప్పై ఏళ్ళు మత్తుమందు డాక్టరుగా పనిచేశారు. అయిదడుగులు కూడా లేని మనిషి, నడకలో మాత్రం ఇద్దరు మనుషుల వేగం. నా భార్య సుభద్రకి పిత్తాశయం ఆపరేషను అయిన రోజున తొలిసారి చూశాను. ఆదుర్దా కప్పిపుచ్చుకోవడానికి నేను గలగలా మాట్లాడుతూ, "ఈవిడకి తొందరగా నిద్ర పట్టదండీ, కాస్త గట్టి మందే ఇవ్వండి," అన్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "నిద్రపుచ్చడానికి ఇంత చదువెందుకండీ మూర్తిగారూ, దానికి మీ కబుర్లు చాలు. మళ్ళీ లేపడానికే నేనున్నది," అన్నారు. తరవాత చాలాకాలానికి తెలిసింది, కొండ విషయంలోనూ ఆవిడ మాట అదేనని. ఎక్కడం ఎవరికైనా వస్తుంది, దిగి ఇంటికి రావడమే విద్య అనేవారు.

ఆపరేషను అయిన ఆరు నెలలకి సుభద్రని నడవమని పట్టుబట్టి, ఆదివారాలు మమ్మల్ని చిన్న గుట్టల మీదికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. రెండేళ్ళకి చలికాలపు కొండలదాకా వచ్చాం. బోగాంగ్‌కి వెళ్ళినప్పుడు ముందురోజే కింద ఊళ్ళో బస చేశాం. టిఫిను దగ్గర నేను ఫోను చూసి, "పన్నెండు డిగ్రీలు, హాయి," అన్నాను. "అది ఏ ఊరిదండీ?" అని అడిగారు. ఈ ఊరిదే అన్నాను. "పక్కింటాయన రక్తపరీక్ష చూసి మీరు మాత్రలు మింగుతారా? కొండ మీద లెక్క వేరు. పైన సున్నాకి కింద ఉంది, గాలి దెబ్బ అదనం," అని శిఖరం మీది వాతావరణం రాసుకున్న తన కాగితం నా ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టారు. ఇడ్లీలు సుభద్ర ఇంటినుంచి తెచ్చినవి. ఆవిడకి ఒకటి పెడితే రెండు తిన్నారు, కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

కారు ఆపిన చోట తనిఖీ. నా చొక్కా మెడ వేలితో లాగి చూసి, "బనియనేవిటండీ?" అన్నారు. నూలు బనియను లేకుండా నేను గడప దాటినవాణ్ణి కాను. మా నాన్నా దాటలేదు. "చెమటకి తడిస్తే ఆరదు, ఒంటి వేడంతా తాగేస్తుంది. విప్పండి," అన్నారు. అరవై దాటిన ఆవిడ ముందు యాభై అయిదేళ్ళ నేను కారు వెనక్కి వెళ్ళి బనియను విప్పి, ఉన్ని చొక్కా తొడుక్కుని వచ్చాను. సుభద్ర అటు తిరిగి నవ్వుతోంది. అప్పుడు ఆవిడ బాల్‌పెన్ను తీసి ముగ్గురి ఎడమచేతి మీదా 12 అని రాశారు. పన్నెండింటికి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి. శిఖరం పది అడుగుల్లో ఉన్నా సరే. "పైకి పోయేకొద్దీ బుర్ర బేరాలాడుతుందండీ. అందుకని కిందున్నప్పుడే రాసేసుకోవాలి. చేతితో బేరం కుదరదు."

ఉదయం ఉత్తరపు గాలి వెచ్చగా ఒళ్ళు నిమిరింది. నేను మురిసిపోతుంటే, "మురిసిపోకండి. ఉత్తరపు గాలి ఇలా బుజ్జగిస్తోందంటే వెనకాల దక్షిణపు గాలి చెప్పులు తొడుక్కుంటోందన్నమాట," అన్నారు. వంకర్లు తిరిగిన స్నోగమ్ చెట్లు అయిపోయి, మంచులో దారి చూపే కర్రగుంజలు మొదలైన చోట పన్నెండయింది. శిఖరం ఎదురుగా, చెయ్యి చాపితే అందేలా ఉంది. మబ్బు మాత్రం పడమటి లోయనుంచి పాలు పొంగినట్టు లేస్తోంది. "చేతులు చూపించండి," అన్నారు. ఇద్దరి చేతుల మీదా పన్నెండు ఉంది. నా చేతి మీద నీలి మరక. చెమటకి చెరిగిపోయిందన్నాను. ఒంటిగంట అనుకున్నాం కదా అని కూడా అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "నా చేతి మీద పన్నెండే ఉందండీ," అని వెనక్కి తిరిగారు. "ఆ ముందరి గుంజ దాకా వెళ్ళొచ్చేస్తాను," అని నేను ముందుకి నడిచాను.

ఇక్కడ నా పాత కథలో నేను వీరుణ్ణి. అసలు జరిగింది ఇది. నలభై అడుగులు వేసేసరికి లోకం తెల్లగా అయిపోయింది. నేల ఎక్కడ ఆగిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. పాలగిన్నెలో పడ్డ చీమకి ఒడ్డు ఎంత తెలుసో నాకూ అంతే. ఫోను తీద్దామని కుడిచేతి తొడుగు విప్పితే గాలి దాన్ని ఎత్తుకుపోయింది. అరిచాను. నా గొంతు నాకే వినబడలేదు. ఒక పక్క మంచు గట్టు లోయ మీదికి వేలాడుతుందని, కాలు పెడితే విరుగుతుందని పొద్దుటే చెప్పారు. అది ఏ పక్కో గుర్తు రాలేదు. అప్పుడు ఈల వినబడింది. మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. ఆ ఈలని పట్టుకుని పాకుతూ వచ్చాను. ఆవిడ గుంజని ఒక చేత్తోనూ, సుభద్ర ఆవిడ సంచీని రెండు చేతులతోనూ పట్టుకుని నించున్నారు. ఆవిడ తన కుడి తొడుగు తీసి, రాయిలా బిగిసిన నా చేతికి చిన్నపిల్లాడికి తొడిగినట్టు తొడిగారు. తన చెయ్యి జేబులో పెట్టుకున్నారు. కానీ ప్రతి గుంజ దగ్గరా దాన్ని తీసి దారి తడుముకోవలసి వచ్చింది. అలా మమ్మల్ని ఒక్కొక్క గుంజా దింపారు.

ఆవిడ కుడిచేతి రెండు వేళ్ళ చివర్లకి స్పర్శ తిరిగి రాలేదు. వేలికొసతో నరం వెతికి సూది గుచ్చే మనిషి. ఇంకో రెండేళ్ళు చేద్దామనుకున్న ఉద్యోగం ఆ ఏడే మానేశారు. నేను వెళ్ళి ఏడ్చాను. "రెండు వేళ్ళకి మత్తిచ్చానండీ మూర్తిగారూ, అవింకా లేవలేదు. మీరు లేచారు కదా, చాలు," అన్నారు. నేనేమో ఆ బాకీ మోయలేక కథ తిరగేసుకున్నాను. ఆవిడ ఎదుటే ఒకసారి విందులో చెప్పాను కూడా. పులిహోర తింటూ అంతా విని, "బాగా చెప్పారు," అన్నారు. పోయిన వేసవిలో ఆవిడ కన్నుమూశారు. ఈనాటికీ నేను కూరగాయలకి వెళ్ళినా ఎడమచేతి మీద తిరిగొచ్చే టైము రాసుకుంటాను. దుకాణంలో పిల్లలు నవ్వుతారు.

మేఘన హీటరు ముందునుంచి తొడుగులు తీసి, ఎడమచెయ్యి నా ముందు చాపింది. "రాయి తాతా. ట్వెల్వ్. మిగతా ముగ్గురికీ కార్‌పార్క్‌లో నేను రాస్తా." రాశాను. "గట్టిగా రాసుకోవాలమ్మా," అన్నాను, "ఆ రోజు నాది చెమటకి చెరిగిపోబట్టే కదా ఇంత పనీ అయింది."

వంటింటి గుమ్మంలో సుభద్ర ఎప్పట్నుంచి నించుందో తెలియదు.

"చెరిగిపోలేదు. మీరే చెరిపారు. ఆఖరి చెట్టు చాటున ఆగి, బొటనవేలు నాలుకకి అద్దుకుని రుద్దారు. నేను చూశాను. డాక్టరు గారూ చూశారు."