నిదానంగారు చెప్పబోయిన మాట

ఆఫీసులో ఆవిడను చాటుగా ‘ఎక్స్‌ప్రెస్’ అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. ఇరవై రెండేళ్ల క్రితం చివరి వరుసలో ప్రోగ్రాములు రాసుకునే అమ్మాయిగా చేరి, నూట నలభై మందికి డైరెక్టరైంది. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే చాలు, సగం విషయం పట్టేసేది. మిగతా సగం తనే చెప్పేసేది. అందరూ దాన్ని తెలివనుకున్నారు.

ఆ తొందర ఎక్కువగా తగిలింది, సాఫ్ట్‌వేర్‌ను బయటికి పంపేముందు పరీక్షించే పెద్దాయనకు. ఆయనకు నత్తి. మాట గొంతులో అడ్డం పడితే కళ్లు మూసుకుని, అది కదిలేదాకా ఆగేవారు. అందుకే ఆయన నిదానంగారయ్యారు.

డయాలసిస్ రోగులకు ఏ రోజు రావాలో ఫోన్లో మెసేజీ పంపి చెప్పే సాఫ్ట్‌వేర్‌కు కొన్ని మార్పులు చేశారు. మర్నాడు విడుదల అనగా, సమావేశంలో నిదానంగారు చెయ్యెత్తారు.

“మేడం, రోజు మార్చుకున్నవాళ్లకి... పా... పా...”

“పాత మెసేజీలు ఆలస్యంగా వెళ్తున్నాయి, అంతేగా? తర్వాత చూద్దాం.”

ఆయన కళ్లు తెరిచేసరికి ఆవిడ వేరే విషయంలోకి వెళ్లిపోయింది. ఆయన చెప్పబోయింది, మెసేజీలో పాత తేదీయే వెళ్తోందని. సాయంత్రం ఆ సంగతి రాసి పంపారు కూడా. మాట్లాడుకున్నదే కదా అని ఆవిడ దాన్ని తెరవనే లేదు.

నలభై ముగ్గురికి తప్పు తేదీ వెళ్లింది. నలభై ఇద్దరు ఎలాగో గట్టెక్కారు. రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు మాత్రం వెళ్లాల్సిన రోజు ఇంట్లోనే ఉండిపోయారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో ఆరో రోజున పోయారు.

కంపెనీ ఛైర్మన్ ఆవిడను పిలిచి తలుపేశాడు. “పరీక్షించినాయన గట్టిగా చెప్పలేదని నివేదికలో రాద్దాం. వచ్చే నెల నిన్ను పై పదవికి పంపుతున్నాం. ఎందుకమ్మా ఇదంతా నెత్తినేసుకోవడం?”

“ఆయన చెప్పబోయారండీ. నేనే చెప్పనివ్వలేదు.”

“ఆలోచించుకో.”

“ఆలోచించే చెప్తున్నాను.”

నివేదికలో ఆ మాటే రాసింది. పదవి మరొకరికి పోయింది. లాయర్లు వద్దంటున్నా ఒకరోజు మాస్టారింటికి వెళ్లింది. ఆయన కూతురు తలుపు తీసింది కానీ లోపలికి రమ్మనలేదు.

“ఆ రోజు కాదేమో నాన్నా అన్నాను. ఫోన్లో వచ్చాక నీకేం తెలుసే అన్నారు. నేనూ ఊరుకున్నాను. మీరెందుకొచ్చారు?”

ఆవిడ గడప బయటే నిలబడి చెప్పింది.

“తప్పు నాదమ్మా. అది చెప్పడానికి.”

“చెప్పారుగా,” అని ఆమె మెల్లగా తలుపేసుకుంది.

మరుసటి సోమవారం నూట నలభై మంది ముందు ఆవిడ నిదానంగారికి క్షమాపణ చెప్పుకుంది. ఇకమీదట ఆయన సంతకం లేనిదే ఏదీ బయటికి వెళ్లదని, ఆ సంతకాన్ని తోసేసే అధికారం తనకూ ఉండదని చెప్పింది. మాట తేలికే కానీ, ఆగడం కష్టమైంది. ఆయన మాట్లాడుతుంటే మొదట్లో అరచేయి నోటికి అడ్డం పెట్టుకునేది. పంటినొప్పేమోనని కుర్రకారు నవ్వుకున్నారు.

నాలుగు నెలలకు, అందరికంటే పెద్ద కస్టమరుకు వెళ్లాల్సిన పనిని ఆయన తొమ్మిది రోజులు ఆపేశారు. కస్టమరు ఫోన్లోనే నిప్పులు కక్కాడు. ఆవిడ మాటలు పడింది తప్ప ఆయన పేరెత్తలేదు.

ఆ సాయంత్రం లిఫ్టు దగ్గర నిదానంగారే పలకరించారు.

“ఈమధ్య భ... భయం తగ్గింది మేడం. నత్తి మాత్రం తగ్గలా.”

ఆవిడకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

ఇప్పుడు నెలకో రోజు ఆవిడ ఒక డయాలసిస్ కేంద్రంలో, ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. కళ్లు సరిగ్గా కనిపించనివాళ్లు ఫోన్ చేతికిచ్చి, “ఈ రోజేనా అమ్మా రమ్మన్నది?” అని అడుగుతారు. ఆవిడ మెసేజీ చదివి, రిజిస్టరులో పేరు వెతికి, రెండూ సరిచూసుకున్నాకే జవాబు చెబుతుంది.