అమ్మ కుట్టిన పావురం

మొన్న ఆదివారం, ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊళ్ళో, మా చర్చిలో పూజ అయ్యాక, టీ కోసం హాల్లో నిలబడ్డప్పుడు ముందున్నావిడ భుజానికి ఒక చేతిసంచి కనిపించింది. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి యేసు తిరుహృదయం, చుట్టూ ముళ్ళ కిరీటం, కింద లిల్లీ పూలు, పై మూలన పవిత్రాత్మకి గుర్తుగా పావురం. మా అమ్మమ్మది ఎడమచేతి వాటం. పూల తొడిమలు వంగిన తీరు చూడగానే అది ఆవిడ డిజైనని గుర్తుపట్టాను. చెల్లి వ్యాపారం ఇక్కడిదాకా వచ్చిందే అని ముందు గర్వపడ్డాను కూడా. ఆ తర్వాత పావురాన్ని చూశాను. చక్కగా రెక్కలు చాచి, అచ్చం పావురంలాగే ఉంది. మా పావురం అలా ఉండదు.

అమ్మమ్మ గుంటూరు జిల్లాలో కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టుపని నేర్చుకుంది. ఇంట్లో మరియమాత పీఠం మీద పరవడానికి ఆ డిజైన్‌తో ఒక గుడ్డ కుట్టింది. దారం మార్చిన ప్రతిసారీ ఒక మంగళవార్త జపం చెప్పుకోవాలని ఆవిడ నియమం. జపంతో కుట్టింది తప్పయినా సరే విప్పకూడదని ఇంకో నియమం. అమ్మ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నేనూ కుడతానని ఏడిస్తే, పై మూల అప్పజెప్పి పావురం వెయ్యమందట. అమ్మ ఏ పనీ కుదురుగా కూర్చుని చేసిన మనిషి కాదు. మెడ పొట్టిగా, పొట్ట లావుగా, తోక నిక్కబొడుచుకుని పావురం కాస్తా కోడిపెట్ట అయింది. అమ్మమ్మ నవ్వాపుకుని, "పోన్లేవే, పవిత్రాత్మ ఏ రూపంలోనైనా రావచ్చు" అని అలాగే ఉంచేసింది. పెళ్ళయ్యాక నాన్న ఏ ఆదివారమూ వదిలిపెట్టలేదు, "మీ కోడిని ఇవాళైనా కూర వండుతావా?" అనేవాడు. అమ్మ కోపం నటించేది కానీ, ఇంటికి ఎవరొచ్చినా ఆ మూల చూపించి తను కుట్టిందేనని చెప్పుకునేది. అమ్మ చేత్తో చేసి మిగిల్చిన వస్తువు ఈ లోకంలో అదొక్కటే. ఆవిడ పోయాక అది నాతోపాటు ఇంగ్లండ్ వచ్చింది.

చెల్లి అంటే మా పిన్ని కూతురు. ఇద్దరం ఆ పీఠం ముందే మోకరించి, జపమాల మధ్యలో కునుకు తీసి, ఒకరినొకరు గిల్లి లేపుకున్నవాళ్ళం. లండన్ దగ్గర ఇల్ఫర్డ్‌లో తన ఫ్లాట్‌లోనే ఎంబ్రాయిడరీ మిషన్ పెట్టి, అమ్మమ్మ డిజైన్లతో సంచులూ పర్సులూ హెయిర్‌బ్యాండ్లూ చేస్తానంటే నా అంత సంబరపడినవాళ్ళు లేరు. ఫొటోలు తీసుకుని, డిజైన్ దించుకుని ఇచ్చేస్తానంటే గుడ్డ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. "కోడిని మర్చిపోకే" అన్నాను. "భలేదానివక్కా, పెద్దమ్మ కోడి లేకుండా మన డిజైన్ ఎక్కడుంది!" అంది. కొన్నాళ్ళకి ఇస్త్రీ చేసి, టిష్యూ పేపర్లో చుట్టి, రిబ్బన్ కట్టి మరీ తెచ్చిచ్చింది. అంత ముచ్చటగా కట్టినదాన్ని విప్పబుద్ధి కాక అలాగే బీరువాలో పెట్టాను. చెల్లెలు ఇచ్చింది సరిచూసుకునేదాన్నా నేను?

చర్చి నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా ఆ రిబ్బన్ లాగాను. మూలన కోడి లేదు. మెరిసే కొత్త దారంతో, వంక పెట్టడానికి లేని పావురం ఉంది. ఇదేంటని చెల్లికి ఫోన్ చేశాను.

"సైటులో ఒరిజినల్ ఫొటో పెట్టాలి కదక్కా. చూసినవాళ్ళంతా చికెనా అని అడుగుతున్నారు. అందుకే విప్పేసి నేనే చేత్తో మళ్ళీ కుట్టా. ఎంత నీట్‌గా వచ్చిందో చూశావా?"

"జపంతో కుట్టింది విప్పకూడదని నీకు తెలీదూ?"

"అబ్బా, అది మనల్ని కుదురుగా కూర్చోబెట్టడానికి అమ్మమ్మ చెప్పిందిలే."

"ఆ దారాలేం చేశావే?"

"బిన్‌లో వేశానక్కా" అంది.

ఫోన్ పెట్టేశాను. డిజైన్ అమ్ముకున్నందుకు నాకు ఏ బాధా లేదు, ఇంకో వంద సంచులు అమ్ముకోనీ. పరాయివాళ్ళు చేసి ఉంటే పాపం తెలియక చేశారనుకునేదాన్ని. కానీ ఆ నియమం తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది మేమిద్దరమే. నాకు మాటిచ్చి, ఇంటికెళ్ళి, కత్తెర తీసుకుని మా అమ్మని ఒక్కో పోగూ లాగేసింది. పైగా రిబ్బన్ కట్టి తెచ్చింది. ఆ రిబ్బన్‌ని మాత్రం నేను క్షమించలేకపోతున్నాను. తర్వాత తను ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

గుడ్డని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, కొత్త పావురం చుట్టూ అమ్మ లావు సూది పొడిచిన చిల్లులు ఇంకా కనిపిస్తాయి. కాస్త ఓపిగ్గా చూస్తే నిక్కబొడుచుకున్న తోక కూడా తెలుస్తుంది. తడిస్తే నూలు ఉబ్బి అవి మూసుకుపోతాయని దాన్ని ఉతకడం లేదు. కొన్నాళ్ళు పోతే కాలమే అన్నిటినీ పూడ్చేస్తుందని ఇక్కడి స్నేహితురాళ్ళు ఓదారుస్తున్నారు. నా భయం కూడా సరిగ్గా అదే.